క్రిస్మస్ పాటను క్లాసికల్ గిటారు మీదికి తెచ్చుకోవడం: మొదటి స్వరం నుంచి చర్చి మైకు దాకా

నవంబరు వచ్చిందంటే కడపలో క్వయర్ ప్రాక్టీసులు మొదలవుతాయి. వాటితోపాటే నాకు ఫోన్లూ మొదలవుతాయి. "అన్నా, శుద్ధ రాత్రి కార్డ్స్ కొట్టడం వచ్చు. కానీ పాట మొత్తం గిటారులోనే వినపడాలి. ఎట్లా?" (శుద్ధ రాత్రి అంటే "సైలెంట్ నైట్" క్యారల్, కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుంపు.) జమ్మలమడుగు వాళ్లు అడుగుతారు, అనంతపురం వాళ్లు అడుగుతారు, మొన్న కర్నూలు నుంచి కూడా ఒకరు అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే వరుసగా రాసేస్తే మేలనిపించింది.

ముందు నా అవమానం చెప్పుకుంటాను. ఇరవై ఏళ్ల వయసులో ఇంగ్లీషు పాటల పుస్తకంలో ఉన్న నాలుగు గొంతుల స్వరాలనూ ఒక్క గిటారులో ఇరికించి, మూడు వారాలు సాధన చేసి, సెమీ క్రిస్మస్ (పండుగకు ముందు చేసుకునే వేడుక) రోజు వాయించాను. ఒక్క స్వరం తప్పు పోలేదు. దిగి వస్తుంటే ముందు వరుసలో కూర్చున్న అవ్వ అడిగింది: "ఏం పాట వాయించినావు నాయనా?" ఆమెకు యాభై ఏళ్లుగా నోటికి వచ్చిన పాట అది. అంతా ఉంది, పాటే వినపడలేదు. అప్పటి నుంచి నేను కలపడం తగ్గించి తీసేయడం నేర్చుకున్నాను. కింద ఉన్నదంతా ఆ తీసేయడం గురించే.

రాసే పద్ధతి ముందే చెప్తాను. 1/5 అంటే 1వ తీగ, 5వ ఫ్రెట్ (మెడ మీది కమ్మీల మధ్య గడి). 2/0 అంటే 2వ తీగ, ఏమీ నొక్కకుండా, అంటే ఓపెన్‌గా. సన్నని తీగ 1, లావు తీగ 6. సన్న తీగ నుంచి వరుసగా ఇ, బి, జి, డి, ఎ, ఇ.

## 1. ముందు గిటారును సిద్ధం చేసుకోండి

క్లాసికల్ గిటారుకు నైలాన్ తీగలే వేయాలి. స్టీలు తీగలు వేస్తే శబ్దం ఎక్కువ వస్తుందని ఎవరో చెబితే నేనూ ఒకసారి వేశాను. నెల తిరక్కుండానే బ్రిడ్జి (తీగలు కట్టే చెక్క) లేచొచ్చింది. స్టీలు తీగ లాగే బలం చాలా ఎక్కువ, క్లాసికల్ గిటారు చెక్క దాన్ని తట్టుకునేలా చేసింది కాదు.

కొత్త నైలాన్ తీగలు సాగుతూనే ఉంటాయి. ప్రోగ్రాంకు ముందు రోజు మారిస్తే స్టేజి మీద ప్రతి పాటకూ శ్రుతి చేసుకోవాల్సి వస్తుంది. కనీసం పది రోజుల ముందు మార్చండి. మా దగ్గర అన్ని షాపుల్లో నైలాన్ సెట్టు దొరకదు కాబట్టి నేను బెంగళూరు పోయేవాళ్లతో అక్టోబరులోనే తెప్పించుకుంటాను.

మన సీమ పొడి గాలికి చెక్క ఎండి చీలే ప్రమాదం ఉంది. గిటారును గోడకు తగిలించకుండా పెట్టెలోనే ఉంచండి. చిల్లులు పెట్టిన సబ్బు డబ్బాలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క వేసి పక్కన పెడితే చాలు.

- తీగలు మార్చి పది రోజులు అయిందా?
- ట్యూనర్ యాప్‌లో ఎ స్వరం 440 హెర్ట్జ్ మీద ఉందా? చర్చి కీబోర్డు మామూలుగా అక్కడే ఉంటుంది.
- కుడిచేతి గోళ్లు అరగదీసి నున్నగా ఉన్నాయా?

## 2. గిటారుకు లొంగే పాటను ఎంచుకోండి

పాడటానికి బాగున్న పాటలన్నీ గిటారుకు రావు. నేను చూసేవి రెండే. మెలడీలో (పాడే వరసలో) కింది స్వరానికీ పై స్వరానికీ మధ్య దూరం ఎంత? కార్డ్ ఎంత త్వరగా మారుతోంది?

"జాయ్ టు ది వరల్డ్" మెలడీ సరిగ్గా ఒక ఆక్టేవ్‌లో ఇమిడిపోతుంది. జి మేజర్ స్కేల్‌లో, అంటే జిని సగా పెట్టుకుంటే, మొదటి వాక్యం 1/3, 1/2, 1/0, 2/3, 2/1, 2/0, 3/2, 3/0. పై స నుంచి కింది స వరకు మెట్లు దిగినట్టు ఉంటుంది, చెయ్యి ఒక్కచోట నుంచి కదలదు. మొదటిసారి చేసేవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి. "ది ఫస్ట్ నోయెల్" కూడా జి మేజర్‌లో అంతే సుఖం, 3/0కీ 1/3కీ మధ్యలోనే తిరుగుతుంది.

"వి త్రీ కింగ్స్" ఎ మైనర్‌లో 1/0, 2/3, 2/1, 3/2 అంటూ మొదలవుతుంది, కింద 5వ తీగ ఓపెన్‌గా మోగుతూ ఉంటుంది. "ఓ సద్భక్తులారా" నేను డి మేజర్‌లో, 6వ తీగను డికి దించి వాయిస్తాను.

"దూత పాట పాడుడి" మాత్రం ఈ ఏడాదికి పక్కన పెట్టండి. దానికి ప్రాణం ఆ కార్డ్ మార్పుల్లోనే ఉంది, అవి దాదాపు ప్రతి దెబ్బకూ మారుతుంటాయి. సగం తీసేస్తే పాట చప్పబడుతుంది, ఉంచితే చెయ్యి అందదు. రెండో ఏడు చూసుకోవచ్చు.

హక్కుల విషయం ఒక్క ముక్క. పాత క్యారల్ ట్యూన్లకు హక్కుల బాధ లేదు. ఇప్పటి తెలుగు క్రైస్తవ పాటను గిటారుకు మార్చి వీడియో పెట్టాలంటే మాత్రం కర్తను అడగండి. మన దేశంలో కర్త పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు హక్కులు ఉంటాయి.

## 3. మెలడీని సరిగమల్లో రాసుకోండి

ఇక్కడే చాలామంది తొందరపడతారు. గిటారు పట్టుకుని తీగల మీద వెతకడం మొదలుపెడతారు. అప్పుడు పాట వేళ్లకు అలవాటైన స్కేల్‌లో ఇరుక్కుపోతుంది, తర్వాత మార్చడం కష్టం.

గిటారు పక్కన పెట్టి పాడుతూ రాయండి. సరిగమలకు స్కేల్‌తో పని లేదు, స ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఈ క్యారల్స్‌లో మేజర్ పాటలన్నీ శంకరాభరణం స్వరాలే కాబట్టి కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్లకు ఇది అరగంట పని.

"శుద్ధ రాత్రి"ని బార్‌కు (తాళంలో ఒక ఆవర్తానికి) ఆరు లెక్కల చొప్పున రాస్తే మొత్తం 12 బార్లు:

- బార్ 1, 2: ప ద ప గ
- బార్ 3: పై రి, రి, కిందికి ని
- బార్ 4: పై స, స, కిందికి ప
- బార్ 5: ద ద, పై స, ని, ద
- బార్ 6: ప ద ప గ
- బార్ 7, 8: మళ్లీ 5, 6
- బార్ 9: పై రి, రి, మ, రి, కిందికి ని
- బార్ 10: పై స, పై గ
- బార్ 11: పై స, ప, గ, ప, మ, రి
- బార్ 12: కింది స

మన కీర్తనల పుస్తకంలో మాటలే ఉంటాయి కాబట్టి ట్యూన్‌కు చెవే ఆధారం. మీ చర్చిలో పెద్దవాళ్లు పాడేది ఫోన్లో రికార్డు చేసుకోండి. తెలుగు మాటలు పట్టడం కోసం వాళ్లు కొన్ని చోట్ల స్వరాన్ని విరుస్తారు, కొన్ని చోట్ల జారుస్తారు. ఆ జారుళ్లు రాయొద్దు, కానీ ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో తప్పకుండా గుర్తు పెట్టండి. గిటారుకు ఊపిరి అక్కర్లేదు కదా అని ఆపకుండా వాయిస్తే వినేవాళ్లకే ఊపిరాడదు.

## 4. స్కేల్ ఎంపిక

సగం పని ఇక్కడే అయిపోతుంది, కాబట్టి నిదానంగా చదవండి.

పాటలో అన్నిటికంటే కింది స్వరం, పై స్వరం చూడండి. "శుద్ధ రాత్రి"లో కింద స, పైన పై ఆక్టేవ్ మ. ఇప్పుడు రెండు షరతులు. కింది స్వరం వీలైనంత వరకు 3వ తీగ దాటి కిందికి పోకూడదు, పోతే మెలడీ బేస్‌లో (లావు తీగల కింది స్వరాల్లో) కలిసిపోతుంది. పై స్వరం 1/10 దాటకూడదు, క్లాసికల్ గిటారు మెడ 12వ ఫ్రెట్ దగ్గరే ఒంట్లో కలుస్తుంది.

సి మేజర్: కింది స 2/1, పై మ 1/13. అందదు. ఒక ఆక్టేవ్ దించితే కింది స 5/3కి పోతుంది, బేస్‌కు చోటే మిగలదు.

డి మేజర్: కింది స 4/0. మొదటి వాక్యమే 3/2, 2/0, 3/2, 4/4. బొటనవేలు మీటే లావు తీగల్లో పాట మునిగిపోతుంది.

జి మేజర్: కింది స 3/0, పై మ 1/8. బాగుంది. బేస్‌లో జి కోసం 6/3, సి కోసం 5/3 నొక్కాలి, డి మాత్రం ఓపెన్.

ఎ మేజర్: కింది స 3/2, పై మ 1/10. పాట 1/0 మీద, ఏమీ నొక్కకుండా మొదలవుతుంది. ఈ పాటకు కావాల్సిన మూడు కార్డ్‌లకూ బేస్‌లు ఎ, డి, ఇ. మూడూ ఓపెన్ తీగలే!

అందుకే నాది ఎ మేజర్. ఎడమచేతికి బేస్ బాధ్యత పూర్తిగా తప్పిపోతే అది మెలడీ చూసుకుంటుంది. ఏ పాటకైనా మీరు వెతకాల్సింది ఇదే. మెలడీ 1, 2, 3 తీగల్లో, ముఖ్యమైన బేస్‌లు ఓపెన్ తీగల్లో పడే స్కేల్.

ఒక మెలిక ఉంది. గిటారు నొటేషన్ రాసినదానికంటే ఒక ఆక్టేవ్ కింద మోగుతుంది. కీబోర్డు మీద నడిమి సి నిజానికి మన 2/1. కీబోర్డు పుస్తకంలోని ఆ స్వరం చుక్కనే గిటారు నొటేషన్‌గా చదివితే 5/3 అవుతుంది. కీబోర్డు పుస్తకం చూసి గిటారుకు చదివేవాళ్ల పాటలు గుబులుగా, లోతుగా మోగడానికి కారణం ఇదే.

## 5. బేస్ వేయండి

బార్‌కు ఒక్క బేస్, మొదటి లెక్క మీద. అంతకంటే ఎక్కువ ఇప్పుడే వద్దు.

"శుద్ధ రాత్రి" బేస్‌లు: బార్ 1, 2 ఎ. 3 ఇ. 4 ఎ. 5 డి. 6 ఎ. 7 డి. 8 ఎ. 9 ఇ. 10 ఎ. 11లో మాత్రం రెండు: ముందు సగం ఎ, వెనక సగం ఇ. 12 ఎ.

మెలడీ, బేస్ రెండే పెట్టుకుని మూడు రోజులు వాయించండి. ఇంట్లో ఎవరైనా వంటగదిలోంచి కూనిరాగం అందుకున్నారంటే పాట నిలబడినట్టే. అందుకోలేదంటే తప్పు మెలడీలోనో లెక్కలోనో ఉంది. మధ్య స్వరాలు పోసి దాన్ని కప్పిపెట్టలేరు.

ఓపెన్ బేస్‌తో ఒక చిక్కు. కార్డ్ మారాక కూడా పాత బేస్ మోగుతూనే ఉంటుంది. ఎ నుంచి ఇకి మారేటప్పుడు 6వ తీగ మీటి, వెంటనే బొటనవేలి పక్క భాగంతో 5వ తీగను తాకి ఆపండి. మొదట్లో విసుగ్గా ఉంటుంది, వారానికి చెయ్యి తనే చేస్తుంది.

## 6. మధ్య స్వరాలు: తీసేస్తూ పోవడం

మామూలు ఎ కార్డ్ పట్టుకుని బార్ 1 వాయించి చూడండి. మూడు వేళ్లు 2వ ఫ్రెట్‌లో కిక్కిరిసి ఉంటాయి. రెండో స్వరం ద కూడా అదే ఫ్రెట్‌లో, 1/2. చిటికెన వేలు అక్కడ దూరదు, దూరినా పక్క తీగను మూసేస్తుంది.

పరిష్కారం: 4వ తీగ మీది వేలు తీసేయండి. చూపుడు వేలు 3/2, మధ్య వేలు 2/2, ఉంగరం వేలు 1/2కి ఖాళీగా ఉంది. పోయిన స్వరం ఇ. అది మెలడీలోనే మోగుతోంది కదా, దాన్ని ఎవరూ వెతకరు.

బార్ 3 ఇంకా తేలిక. మెలడీ 1/7, తర్వాత 1/4. కింద 6/0, 4/0, 2/0. మూడూ ఓపెన్, మూడూ ఇ7 కార్డ్ స్వరాలే. ఎడమచేతిలో ఒక్క వేలు చాలు. కానీ 3వ తీగను మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ జి మోగితే మెలడీలోని జి షార్ప్‌తో కొట్లాడుతుంది. సాధనలో నేను ఎక్కువసార్లు విన్న అపస్వరం ఇదే.

బార్ 4లో చూపుడు వేలు 3/2, మధ్య వేలు 2/2, చిటికెన వేలు 1/5. ఇక్కడ చూపుడు వేలిని బారుగా అడ్డం వేయాలనిపిస్తుంది. వేస్తే తర్వాతి స్వరం ప మోగదు, ఎందుకంటే అది 1/0.

బార్ 5లో మాత్రం అడ్డం వేయాల్సిందే. చూపుడు వేలు 2వ ఫ్రెట్‌లో 1, 2, 3 తీగల మీద అడ్డంగా, మధ్య వేలు 2/3. అప్పుడు ద 1/2 దానంతటదే వస్తుంది, పై స కోసం చిటికెన వేలు 1/5, ని కోసం ఉంగరం వేలు 1/4. బేస్ 4/0. చెయ్యి కదలకుండానే బార్ అంతా అయిపోతుంది. ఈ ఒక్క బార్ కుదిరిన రోజు నాకు పండుగ నాలుగు రోజులు ముందే వచ్చింది.

మధ్య స్వరం ఉంచాలా తీయాలా అన్న సందేహం వస్తే ఇలా చూస్తాను:

- అది తీస్తే కార్డ్ ఏదో తెలియకుండా పోతుందా? పోకపోతే తీసేస్తాను.
- దాని కోసం మెలడీ స్వరాన్ని తెంపాల్సి వస్తోందా? అయితే తప్పక తీసేస్తాను.
- మెలడీ కంటే పై స్వరంగా మోగుతోందా? అక్కడ ఉండనివ్వను. చెవి ఎప్పుడూ అన్నిటికంటే పై స్వరాన్నే పాట అనుకుంటుంది.

## 7. కుడిచేతి పని

బొటనవేలు బేస్‌కు, చూపుడు, మధ్య వేళ్లు మధ్య స్వరాలకు, ఉంగరం వేలు మెలడీకి. చిక్కేమిటంటే అన్నిటికంటే బలహీనమైన వేలికి అన్నిటికంటే ముఖ్యమైన పని పడింది.

మెలడీ ఒంటరిగా ఉన్నచోట తీగ మీటి వేలిని పక్క తీగ మీద ఆనించండి, శబ్దం నిండుగా వస్తుంది. కార్డ్‌తో కలిసి ఉన్నచోట అలా కుదరదు కాబట్టి మిగతా వేళ్ల శబ్దం తగ్గించడమే దారి. ఫోన్లో రికార్డు చేసి, ఫోను పక్క గదిలో పెట్టి వినండి. అక్కడికి మెలడీ ఒక్కటే చేరితే సరిపోయింది.

## 8. రెండో చరణం, మూడో చరణం

మూడు చరణాలూ ఒకేలా వాయిస్తే రెండో దానికే జనం వాచీలు చూస్తారు. మొదటిది మెలడీ, బేస్ మాత్రమే. రెండోదానికి మధ్య స్వరాలను విడివిడిగా పారించండి. బార్‌కు ఆరు లెక్కలు కాబట్టి బొటన, చూపుడు, మధ్య, ఉంగరం, మధ్య, చూపుడు అన్న వరస అతికినట్టు సరిపోతుంది. మెలడీ స్వరం వచ్చినచోట వరసను వదిలేసి మెలడీకే దారి ఇవ్వండి.

మూడోదాని చివర హార్మోనిక్స్ పెట్టొచ్చు. ఆఖరి స తర్వాత 5/12, 4/7, 1/12 మీద వేలిని నొక్కకుండా తాకి ఒకదాని వెనక ఒకటి మీటితే గంటలు కొట్టినట్టు ఉంటుంది. ఫ్రెట్ల మధ్యలో కాదు, సరిగ్గా ఫ్రెట్ కమ్మీకి పైన తాకాలి.

## 9. చర్చిలో వాయించే రోజు

మొదటి మాట: క్యారల్స్ రౌండ్లకు ఈ గిటారును తీసుకుపోవద్దు. ఆటోలో డ్రమ్స్, టాంబరిన్, పదిహేను మంది యూత్, అర్ధరాత్రి చలి. నైలాన్ తీగ మీకే వినపడదు. దీని చోటు క్యాండిల్ లైట్ సర్వీసు, లేదా ఆరాధనకు ముందు జనం వచ్చి కూర్చునే ఆ పది నిమిషాలు.

క్వయర్ మీతో పాడతామంటే ముందే "ఏ స్కేల్?" అని అడగండి. కీబోర్డు అన్నకు స్కేల్ మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, ఆయన ఎక్కడైనా వాయించేస్తాడు. మనకు ఉన్నది క్యాపో, ఒక ఫ్రెట్‌లో తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు. బి ఫ్లాట్ అంటే ఎ మేజర్ అమరికకు 1వ ఫ్రెట్‌లో క్యాపో, లేదా జి మేజర్ అమరికకు 3వ ఫ్రెట్‌లో. క్యాపో పైకే తీసుకుపోతుంది, కిందికి దించదు. సి అంటే మాత్రం మీ పై స్వరాలు అందవు. అప్పుడు మెలడీ వాళ్లకు వదిలేసి బేస్, మధ్య స్వరాలు వాయించుకోండి. పాడేవాళ్లు ఉన్నప్పుడు అదే పద్ధతి కూడా.

క్యాపో కొనేటప్పుడు క్లాసికల్ గిటారుకని చెప్పి కొనండి. మన ఫింగర్‌బోర్డు చదునుగా, వెడల్పుగా ఉంటుంది. స్టీలు గిటారు క్యాపోకు కాస్త వంపు ఉంటుంది కాబట్టి కొన్ని తీగలు సరిగా నొక్కుకోక కరకరమంటాయి.

6వ తీగను డికి దించే పాటలు ఉంటే వాటన్నిటినీ ఒకచోట, చివర్లో పెట్టుకోండి. దించిన తీగ కాసేపు పైకి జరుగుతూ ఉంటుంది. మొదటి పాట అయ్యాక 4వ తీగతో పోల్చి ఒకసారి సరిచూసుకోండి.

మైకును శబ్దరంధ్రం ఎదురుగా పెడితే బేస్ బుర్రుమంటుంది. మెడ ఒంట్లో కలిసే 12వ ఫ్రెట్ వైపుకు, ఒక జానెడు దూరంలో పెట్టించండి. మైకు అన్న "దగ్గరగా పెట్టుకో బ్రదర్" అంటాడు, నవ్వి ఊరుకోండి.

బయలుదేరే ముందు:

- చర్చికి అరగంట ముందే చేరి, పెట్టె తెరిచి గిటారును ఆ గది చలికి అలవాటు పడనివ్వండి. శ్రుతి ఆ తర్వాతే.
- పాదపీఠం లేదా రెండు ఇటుకలు. ఒకసారి చర్చిలో ఇటుకలు దొరక్క హార్మోనియం పెట్టె మీద కాలు పెట్టాను, సంఘ పెద్ద ఒకాయన ఇప్పటికీ గుర్తుచేస్తుంటాడు.
- చేతులు లేని కుర్చీ.
- అదనంగా ఒక 4వ తీగ. ఎక్కువగా తెగేది అదే.
- మొదటి చరణం ఎంత వేగంలో మొదలుపెట్టాలో తెలియడానికి, స్టేజి ఎక్కే ముందు మనసులో ఒక వాక్యం పాడుకోండి. టెన్షన్‌లో అందరూ వేగంగానే మొదలుపెడతారు.